మన తలల మీద వేలాడే పాలిస్టర్ గురించి: టెంట్‌హౌజ్ అన్నలకు, జౌళి శాఖకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లాలో టెంట్‌హౌజ్‌లు, ఫంక్షన్ హాళ్లు నడిపే అన్నలకు, స్టేజీలు కట్టే డెకరేషన్ తమ్ముళ్లకు, సిరిసిల్ల సాంచాలకు (మరమగ్గాలకు) ఆర్డర్లు ఇచ్చే చేనేత జౌళి శాఖ సార్లకు, మేడంలకు నమస్తే. అందరికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను, ఎందుకంటే విడివిడిగా అడిగితే ఒకరి మీద ఒకరు నెట్టేస్తున్నారు. కొనేవాళ్లేమో "మార్కెట్‌లో దొరికేదే కదా కొంటాం" అంటారు. నేయించేవాళ్లేమో "ఎవరూ అడగనిది మేమెందుకు చేయాలి" అంటారు. మధ్యలో ఆ గుడ్డ కింద కూర్చొని భోజనం చేసేది జనం.

నేను అడిగేది ఒక్కటే. జనం తలల మీద, జనం వీపు వెనక వేలాడే పాలిస్టర్ గుడ్డ ఏదైనా సరే, మంటను ఆపే మందుతో ట్రీట్‌మెంట్ అయిందని ల్యాబ్ రిపోర్టు లేకుండా కొనకండి, కట్టకండి. ఆ గుడ్డను మన సాంచాల మీదే నేయించొచ్చు, ఆ మందు పట్టించే యూనిట్‌ను కూడా మన దగ్గరే పెట్టుకోవచ్చు.

నేను సిరిసిల్లలో పుట్టినవాణ్ని, మా నాయన ఆసామిగా సాంచాలు నడిపిండు. మా దగ్గర చాలామంది లాగే నేనూ బతుకుదెరువుకు సూరత్ పోయి, నేసిన గుడ్డకు రంగు, మందు పట్టించే ఒక ప్రాసెసింగ్ హౌజ్‌లో, గుడ్డను వేడి గదుల గుండా లాగే స్టెంటర్ మిషన్ మీద ఏండ్లకేండ్లు పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. కాబట్టి పుస్తకం చదివి చెప్తున్నది కాదు ఇది, మందు తొట్టిలో చేతులు పెట్టి చేసిన పని.

ఆ మధ్య మా దగ్గరి చుట్టాల పెండ్లిలో జరిగింది చెప్తాను. ఏ హాలో, ఏ ఊరో అవసరం లేదు, ఎక్కడైనా జరిగేదే. స్టేజీ వెనక శాటిన్ పరదా, దాని మీద నెట్ క్లాత్, పైన సీలింగ్‌కు మడతలు మడతలుగా ఫ్రిల్లు. ఆ ఫ్రిల్లులో ఒక కొస జారి హాలోజన్ లైటుకు ఆనుకుంది. మొదట ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది, వంటల దగ్గరి నుంచి అనుకున్నారు. ఆ తర్వాత అరచేతంత మంట. అదృష్టం, ఒక కుర్రాడు పరదా మొత్తాన్ని గుంజి కింద పడేసి నీళ్లు పోశాడు, మంట అక్కడితో ఆగింది. కానీ ఆ కొద్దిసేపట్లోనే పైనుంచి కరిగిన చుక్కలు రాలాయి, ఒక చుక్క కుర్చీలో కూర్చున్న పాప ముంజేయి మీద పడి అతుక్కుపోయింది. వాళ్ల అమ్మ చీర కొంగుతో దులిపితే పోలేదు. పట్టి లాగబోతుంటే పక్కనున్న నర్సమ్మ ఆపింది, లాగితే చర్మంతో సహా వస్తుందని, ముందు చాలాసేపు చల్లటి నీళ్ల ధార కింద పెట్టమని. ఈ సంగతి అందరూ గుర్తు పెట్టుకోవాలి. కరిగిన పాలిస్టర్ చర్మం మీద పడితే పీకొద్దు, చల్లార్చి దవాఖానకు తీసుకెళ్లాలి.

హాలు ఆయన్ను అడిగితే ఆయన అన్న మాట ఇది, "పాలిస్టర్ మండదు తమ్మీ, కరుగుతది అంతే." ఈ మాట నేను చాలాచోట్ల విన్నా, దుకాణాల్లో కూడా ఇదే చెప్పి అమ్ముతారు. ఇందులో సగమే నిజం ఉంది, ఆ సగం చూసుకొనే అందరం ధైర్యంగా ఉన్నాం.

పాలిస్టర్ 255 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పలచని గుడ్డ ఒక్కటే వేలాడుతుంటే, కింద చిన్న మంట తగిలినప్పుడు అది ముడుచుకొని మంట నుంచి దూరం జరుగుతుంది, కరిగి రాలుతుంది, కొన్నిసార్లు తనంతట తానే ఆరిపోతుంది. అది చూసే మండదంటారు. కానీ వేడి ఇంకా పెరిగితే ఆ కరిగినది విరిగి ఆవిరి అవుతుంది, మండేది ఆ ఆవిరే. రాలే చుక్కలు కూడా మండుతూనే రాలి కింద తివాచీనో, కుర్చీ కవరునో అంటిస్తాయి. ఇక పాలిస్టర్‌కు పక్కన కరగని గుడ్డ ఏదైనా తోడైతే సంగతి పూర్తిగా మారిపోతుంది. కాటన్ కరగదు, బొగ్గై నిలబడుతుంది. పాలిస్టర్ కరిగి రాలిపోకుండా ఆ బొగ్గు పట్టుకుంటుంది, దీపంలో వత్తి నూనెను పట్టుకున్నట్టే. అందుకే పాలిస్టర్, కాటన్ కలిపి నేసిన గుడ్డ విడి పాలిస్టర్ కన్నా మొండిగా మండుతుంది. మన స్టేజీల మీద చూడండి, పాలిస్టర్ పరదా, దాని వెనక కాటన్ లైనింగ్, కాటన్ దారంతో కుట్టు, పైన ఎండిన పూల దండలు, మధ్యలో సీరియల్ లైట్ల వైర్లు. గుడ్డ ఒక్కటే వేలాడే పరిస్థితి ఎక్కడుంది?

ఇంకో లెక్క ఉంది, ఇది తెలిస్తే ట్రీట్‌మెంట్ ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది. ఏ గుడ్డ అయినా మండుతూ ఉండాలంటే గాలిలో కనీసం ఇంత ఆక్సిజన్ ఉండాలని ల్యాబ్‌లో కొలుస్తారు, దాన్ని ఎల్‌ఓఐ అంటారు. కాటన్‌కు అది 18 శాతం దగ్గర ఉంటుంది. పాలిస్టర్‌కు 20 నుంచి 22. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అంటే పాలిస్టర్ సరిగ్గా గట్టు మీద నిలబడి ఉంది, ఇటు తోస్తే మండుతుంది, అటు తోస్తే ఆరిపోతుంది. మంచి ట్రీట్‌మెంట్‌తో ఆ అంకెను 26, 28 దాటించొచ్చు. కాటన్‌తో పోలిస్తే ఇది చాలా తేలికైన పని, అయినా మనం చేయించుకోవడం లేదు, నాకు బాధంతా అక్కడే.

1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక స్కూలు వార్షికోత్సవం జరుగుతోంది. పెండ్లిళ్లు చేసే ఆవరణలో సింథటిక్ గుడ్డతో పందిరి వేశారు. కరెంటుతో మంట అంటుకొని పైకప్పు మొత్తం నిమిషాల్లో పాకింది, కాలుతున్న గుడ్డ జనం మీద పడింది, బయటికి పోయే దారి ఇరుకు. 442 మంది చనిపోయారు, సగానికి పైగా పిల్లలే. ముప్పై ఏండ్లయింది. మన ఊళ్లలో ఇప్పటికీ స్కూలు వార్షికోత్సవానికి వేసే టెంటును ఎవరైనా ఒక్కసారైనా అగ్గిపుల్లతో పరీక్షించారా? పందిళ్ల దగ్గర అగ్గి జాగ్రత్తల మీద ఐఎస్ 8758 అని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కోడ్ కూడా ఉంది. వినాయక మండపాలు కట్టేవాళ్లలో ఎంతమంది చేతికి అది చేరిందో మీకే తెలుసు.

ఇప్పుడు ట్రీట్‌మెంట్ ఎట్లా చేస్తారో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మోసం జరిగేది కూడా ఇక్కడే.

ముందు గుడ్డను బాగా ఉతికి, నేత కోసం పెట్టిన నూనె, సైజింగ్ గంజి అంతా తీసేయాలి. తర్వాత ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫొనేట్ మందు కలిపిన తొట్టిలో ముంచి, రెండు రబ్బరు రోలర్ల మధ్య పిండుతారు. గుడ్డ ఎంత మందు పట్టిందో తూకం వేసి చూస్తాం, పికప్ అంటాం దాన్ని. అంచుల దగ్గర ఒకలా, మధ్యలో ఒకలా పడితే ఆ తాను పనికిరాదు. తర్వాత 110, 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, స్టెంటర్‌లోకి పంపుతాం. రెండు అంచులనూ పిన్నులు పట్టుకొని గుడ్డను వేడి గదుల గుండా లాక్కెళ్తాయి, అక్కడ 185 నుంచి 205 డిగ్రీలు ఉంటుంది, గుడ్డ ఆ వేడిలో ఉండేది నిమిషం అటు ఇటు. ఆ నిమిషమే అసలు పని. ఆ వేడికి పాలిస్టర్ పోగు లోపల సందులు తెరుచుకుంటాయి, మందు లోపలికి దూరుతుంది, చల్లారాక సందులు మూసుకుంటాయి, మందు లోపలే ఉండిపోతుంది. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగు పట్టేది కూడా ఈ పద్ధతిలోనే. వేడి తగ్గితే మందు పైపైనే ఉండి గుడ్డ జిగటగా తగులుతుంది, ఒక్క ఉతుకుకే పోతుంది. వేడి ఎక్కువైతే తెల్ల గుడ్డ పసుపు తిరుగుతుంది. కరెంటు బిల్లు మిగిలించుకుందామని వేడి తగ్గించి, స్పీడ్ పెంచి తాన్లు దాటించే షిఫ్టులను నేను చూశాను. బయటికి చూస్తే రెండు గుడ్డలకూ తేడా కనపడదు. చివర్లో మళ్లీ ఉతికి, లోపలికి పోని మందును తీసేయాలి, ఈ ఉతుకు ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు.

ఇట్లా సరిగ్గా చేసిన గుడ్డ యాభై ఉతుకుల దాకా పనిచేస్తుంది. దీనికి మంట తగిలితే అంటుకోదని కాదు. మంట ఉన్నంతసేపు ముడుచుకుంటుంది, కరుగుతుంది, మంట తీసేస్తే ఒకటి రెండు సెకండ్లలో ఆరిపోతుంది, పైకి పాకదు. ఆ కొద్ది సెకండ్లే జనం లేచి బయటపడే టైం ఇస్తాయి. సిలిండర్ పేలితే ఏ గుడ్డా ఆపదు, ఆ భ్రమ ఎవరికీ వద్దు.

ఇంకో దారి కూడా ఉంది, దారం తయారు చేసేటప్పుడే ఫాస్ఫరస్‌ను పాలిస్టర్ గొలుసులోనే కలిపేయడం. ట్రెవిరా సీఎస్ అనే దారం అలాంటిదే. దాన్ని ఎన్నిసార్లు ఉతికినా గుణం పోదు. ఖరీదెక్కువ, కానీ ఆసుపత్రి పరదాల్లాగా రోజూ ఉతికే వాటికి అదే నయం.

ఇక మంచి గుడ్డను చేజేతులా పాడుచేసే పనులు కొన్ని ఉన్నాయి, డెకరేషన్ తమ్ముళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. మెత్తగా, జారుగా ఉండాలని సిలికాన్ సాఫ్ట్‌నర్ పెట్టిస్తే అది ట్రీట్‌మెంట్‌ను తినేస్తుంది, కరిగిన పాలిస్టర్ రాలిపోకుండా అడ్డు పడుతుంది. బైండర్ అనే జిగురుతో వేసే పిగ్మెంట్ ప్రింట్లు కూడా అంతే. కాటన్ దారంతో కుట్టిస్తే కుట్టు వెంబడి మంట పాకుతుంది, కుట్టు దారం కూడా పాలిస్టర్‌ది, అందులోనూ ట్రీట్‌మెంట్ అయినది ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువ జరిగేది ఏంటంటే, ట్రీట్ చేసిన పరదాకు మామూలు శాటిన్ ఫ్రిల్లు కుట్టడం, దాని మీద మామూలు నెట్ వేయడం. అప్పుడు మీ ల్యాబ్ రిపోర్టు వట్టి కాగితమే. బోరు నీళ్లలో సబ్బుతో ఉతికితే తెల్ల సుద్ద గుడ్డ మీద పేరుకుంటుంది, అది కూడా చెరుపే. మన దిక్కు బోరు నీళ్లు ఎంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో చెప్పాల్సిన పని లేదు, డిటర్జెంట్ వాడి బాగా జాడించాలి.

స్ప్రే బాటిళ్ల సంగతి కూడా చెప్పాలి. "ఇది కొట్టుకోండి, ఫైర్‌ప్రూఫ్ అయిపోతది" అని డబ్బాలు పట్టుకొని తిరుగుతున్నారు. చాలావాటిలో ఉండేది బోరాక్స్, అమ్మోనియం ఫాస్ఫేట్ లాంటి ఉప్పులే. ఇవి చెడ్డవేం కావు, 1821లోనే ఫ్రాన్స్‌లో గే-లుసాక్ అనే శాస్త్రవేత్త థియేటర్ పరదాల కోసం ఇట్లాంటి ఉప్పులనే పరీక్షించి చూపించాడు. కానీ ఆయన చేసింది నార, జనపనార గుడ్డల మీద. అవి నీళ్లు తాగుతాయి. కాటన్ మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం దాకా తేమ పీలుస్తుంది, పాలిస్టర్ 0.4 శాతమే. నీళ్లే పట్టని గుడ్డలోకి నీళ్లలో కలిపిన ఉప్పు ఎట్లా పోతుంది? ఎండాక పొడిలా రాలుతుంది, మంచుకో, వానకో, ఒక్క ఉతుకుకో పూర్తిగా పోతుంది. పాత కాటన్ శామియానాలకు కొట్టుకోండి, ప్రతి ఉతుకు తర్వాత మళ్లీ కొట్టుకోండి, పర్వాలేదు. పాలిస్టర్ శాటిన్ మీద కొట్టి నిశ్చింతగా పడుకోవద్దు.

ఏ మందు వాడారో కూడా తప్పకుండా అడగాలి. అమెరికాలో పిల్లల రాత్రి బట్టలు మంట పట్టకూడదని 1970ల్లో చట్టం తెచ్చారు, కంపెనీలు పాలిస్టర్ బట్టలకు ట్రిస్ అనే బ్రోమిన్ మందు పట్టించాయి. 1977లో అది జన్యువులను దెబ్బతీస్తుందని శాస్త్రవేత్తలు బయటపెట్టారు, అదే ఏడాది ప్రభుత్వం పిల్లల బట్టల్లో దాన్ని నిషేధించింది. అప్పటికే ఎంతోమంది పిల్లలు అవి తొడుక్కొని పడుకున్నారు. తర్వాత వచ్చిన ఇంకో రెండు బ్రోమిన్ మందులు, హెచ్‌బీసీడీ 2013లో, డెకాబీడీఈ 2017లో, ప్రమాదకర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద తొలగించాల్సిన వాటి జాబితాకెక్కాయి. గుడ్డ వెనక తెల్లటి పూతలా రుద్దే చవక ట్రీట్‌మెంట్లలో ఇలాంటి బ్రోమిన్ మందులు ఎక్కువగా వాడేవాళ్లు. కాబట్టి రిపోర్టులో పాస్ అని ఉంటే సరిపోదు, బ్రోమిన్ లేదని బిల్లు మీద రాయించుకోవాలి. ఇంకో మాట, బడి పిల్లల యూనిఫాంలకు, చంటిపిల్లల బట్టలకు ఈ మందులు పెట్టమని నేను అడగడం లేదు. ఒంటికి రోజంతా అంటుకొని ఉండే బట్టకు, పైన వేలాడే పరదాకు ఒకే న్యాయం చేయకూడదు. హాస్టల్ వంటశాలల్లో పనిచేసే అక్కలకు మాత్రం పాలిస్టర్ చీర మీద కట్టుకోవడానికి మందపాటి కాటన్ ఏప్రాన్ ఇవ్వండి, దానికి ఏ టెక్నాలజీ అక్కర్లేదు.

జౌళి శాఖ వాళ్లకు ఇప్పుడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్‌తో సిరిసిల్ల సాంచాలు ఎట్లా నడిచాయో, ఆర్డర్లు ఆగినప్పుడు ఎట్లా మూలకు పడ్డాయో మీకు లెక్కలతో సహా తెలుసు. ఏడాదికి ఒక్క చీర మీద ఊరు మొత్తం బతకడం ప్రమాదమని అప్పుడే చాలామంది చెప్పారు. మా దగ్గర ఎక్కువ సాంచాల మీద నడిచేది పాలిస్టరే. ఆ పాలిస్టర్‌నే గురుకుల హాస్టళ్ల కిటికీ పరదాలుగా, ప్రభుత్వ దవాఖానల్లో మంచాల మధ్య కట్టే పరదాలుగా, కలెక్టరేట్ల ఆడిటోరియం తెరలుగా, రెండేండ్లకోసారి వచ్చే మేడారం జాతరలో మీరే వేయించే టెంట్ల లోపలి గుడ్డగా కొనండి. మేడారంలో ప్రతి కుటుంబం పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుకుంటుంది, అక్కడ టెంటు గుడ్డ ఏదైతేనేం అనుకునే జాగ కాదు అది. పరదాలు ఎట్లా ఉండాలో ఐఎస్ 15741 అని 2007లోనే బీఐఎస్ ప్రమాణం రాసి పెట్టింది. మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, టెండర్ కాగితంలో ఆ నంబర్ రాయడమే.

అయితే ఆ నంబర్ రాసి వదిలేస్తే ఆర్డర్ సూరత్‌కో, భీవండికో పోతుంది, మా సాంచాలకు మిగిలేది ఏమీ ఉండదు. మేం నేసేది గ్రే క్లాత్, అంటే రంగు, మందు పట్టని పచ్చి గుడ్డ, దానికి విలువ వచ్చేది ప్రాసెసింగ్‌లో. అందుకే సిరిసిల్లలో గానీ, 2017లో శంకుస్థాపన చేసిన గీసుగొండ, సంగెం దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గానీ గుడ్డను మందులో ముంచి పిండే ఒక ప్యాడింగ్ మ్యాంగిల్, ఒక స్టెంటర్, ఒక ఉతికే లైన్, ఒక చిన్న మంట పరీక్ష గది ఉన్న ఉమ్మడి యూనిట్ పెట్టండి, కిరాయి మీద ఎవరి గుడ్డనైనా చేసి ఇచ్చేలా. పార్కులో ఇప్పటికే వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పాలిస్టర్ దారం తీస్తున్నారు, దారం దగ్గరి నుంచి పరదా దాకా అంతా మన జిల్లాల్లోనే అయిపోతుంది. ఎన్ఐటీలో రసాయన శాస్త్రం చెప్పే సార్లు ఉన్నారు, వాళ్లను కూర్చోబెట్టి మందు ఎంపిక చేయించండి. ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టండి, మురుగునీటి శుద్ధి లేకుండా ఆ యూనిట్ ఒక్కరోజు కూడా నడవొద్దు. ఉతికిన నీళ్లలో ఫాస్ఫరస్ వస్తుంది, అది చెరువులోకో, మానేరులోకో పోతే నాచు పట్టి చేపలు చస్తాయి. పరదాలు బాగు చేసుకుంటూ నీళ్లు పాడుచేసుకోవడం నాకు సమ్మతం కాదు. స్టెంటర్ దగ్గర పొగ లాగే గొట్టాలు కూడా ఉండాలి, ఆ పొగ నేను పీల్చినంత ఇంకొకరు పీల్చొద్దు.

టెంట్‌హౌజ్ అన్నలూ, మీ కష్టం నాకు తెలుసు. గోదాములో లక్షల సరుకు ఉంటుంది, అది మొత్తం పారేయమంటే ఎవరివల్లా కాదు, నేనూ అనను. కొత్తగా కొనేది మాత్రం ట్రీట్‌మెంట్ అయినదే కొనండి, కొన్నదాన్ని ముందు సీలింగ్‌కు, స్టేజీ వెనక్కు, వంటల వైపు గోడకు కట్టండి. పాతదాన్ని లైట్లకు, వైర్లకు, పొయ్యిలకు దూరంగా వాడుకోండి. హాలోజన్లు తీసేసి ఎల్ఈడీలు పెట్టండి. పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఎంట్రీకి నిప్పురవ్వలు చిమ్మే గొట్టాలను పరదా పక్కన పెట్టమని పార్టీ వాళ్లు ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. మీటరుకు కొంత ఎక్కువ పడుతుంది, నిజమే. ఆ ఎక్కువను బిల్లులో రాసి అడగండి, బిడ్డ పెండ్లికి అన్ని లక్షలు పెట్టేవాళ్లు దీనికి కాదనరు.

కొత్త తాను వచ్చినప్పుడల్లా ఒక పని చేయండి. జానెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు పీలిక కత్తిరించి, బయట సిమెంటు నేల మీద, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకొని, పట్టకారుతో నిలువుగా పట్టుకొని, కింది అంచుకు లైటర్ పది సెకండ్లు పెట్టి తీసేయండి. మామూలు గుడ్డ అయితే చాలావరకు మంట పైకి ఎక్కుతుంది, రాలిన చుక్కలు నేల మీద కూడా మండుతూనే ఉంటాయి. సరైన గుడ్డ అయితే ముడుచుకుపోయి, లైటర్ తీసిన వెంటనే ఆరిపోతుంది, రాలిన చుక్క కూడా ఆరిపోతుంది. తర్వాత అదే గుడ్డను ఫ్రిల్లుతో కలిపి కుట్టిన ముక్కతో మళ్లీ చేయండి. ఇంకోసారి పది ఉతుకులు అయ్యాక చేయండి. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు గానీ, దుకాణం వాడు చెప్పిన మాట ఎంత నిజమో తెలిసిపోతుంది. హనుమకొండ, వరంగల్‌లో ఏ అన్న పిలిచినా నేనే వచ్చి చేసి చూపిస్తా, పైసా తీసుకోను.

జౌళి శాఖ నుంచి నాకు కావాల్సింది ఒక్క జవాబు. వచ్చే హాస్టల్ పరదాల టెండర్‌లో ఐఎస్ 15741 అని, బ్రోమిన్ లేని ట్రీట్‌మెంట్ అని, సిరిసిల్ల సాంచాల మీద నేసిన గుడ్డ అని ఈ మూడు మాటలూ రాస్తారా, లేదా?

ఇట్లు,
సిరిసిల్ల ఆసామి కొడుకు, పాత స్టెంటర్ ఆపరేటర్,
హనుమకొండ